ముడుపు విప్పే రోజు ఒకటి ఉండాలి

నా చిన్నతనంలో మా ఇంటి దేవుడి గూట్లో ఎప్పుడూ ఒక ముడుపు ఉండేది. పసుపులో ముంచి ఆరబెట్టిన గుడ్డముక్కలో మా అవ్వ రూపాయి బిళ్లలు, అర్ధ రూపాయలు వేసి ముడివేసేది. ఎందుకు కడుతున్నదో ఆమెకు తెలుసు. ఒకసారి మా చిన్నాన్నకు జ్వరం తగ్గడం కోసం, మరోసారి అత్త పెళ్లి కుదరడం కోసం. ఎంత చేరాలో తెలుసు, ఎప్పుడు కొండకు పోయి హుండీలో వేయాలో కూడా తెలుసు. బియ్యానికి డబ్బు తక్కువైన రోజున కూడా ఆ ముడి విప్పడానికి ఇంట్లో ఎవరికీ చేయి రాలేదు. తిరుపతిలో పుట్టి పెరిగిన నాకు ఇదంతా ఏళ్ల తరబడి భక్తి విషయంగానే కనిపించింది. నా కూతురికి డబ్బు సంగతులు నేర్పవలసిన వయసు వచ్చినప్పుడు గానీ, అవ్వ చేసినది ఎంత మంచి పొదుపు పద్ధతో నాకు అర్థం కాలేదు.

ఇప్పుడు మనం పిల్లలకు నేర్పే పొదుపులో అవ్వకు తెలిసిన ఆ సంగతులేవీ ఉండవు. మట్టి హుండీ ఒకటి కొనిచ్చి, చుట్టాలు వచ్చినప్పుడు ఇచ్చిన నోటును అందులో వేయమంటాము. ఎందుకు వేయాలని పిల్ల అడిగితే, పెద్దయ్యాక పనికొస్తుందంటాము. పదేళ్ల పిల్లకు ‘పెద్దయ్యాక’ అన్న మాటకు అర్థమే లేదు. ఏ రోజునో ఇంట్లో చిల్లర అవసరమై మనమే ఆ హుండీని పగలగొట్టి, ‘మళ్లీ వేస్తాంలే’ అని మరచిపోతాము. దానివల్ల ఆ పిల్ల నేర్చుకునేది ఒకటే, దాచిన డబ్బు తనది కాదని. పిల్లలకు పొదుపు నేర్పాలంటే ఖర్చు పెట్టడం నేర్పాలనీ, దానికి వాళ్లు మనసారా కోరుకునే ఒక పెద్ద ఆటల పండుగ వంటి గురి, కదలని తేదీ, మనం నిర్ణయించని ధర కావాలనీ, అన్నింటికీ మించి, లెక్క తప్పినప్పుడు మనం చేయి అడ్డం పెట్టకూడదనీ నేను గట్టిగా నమ్ముతున్నాను. ఈ నమ్మకం నాకు పుస్తకాలు చదివితే వచ్చినది కాదు, 2022 నవంబరు నుంచి 2023 నవంబరు వరకు మా ఇంట్లో జరిగినదాన్ని చూస్తే వచ్చినది.

నేను ఒక దుకాణంలో లెక్కలు రాస్తాను. రోజువారీ లెక్క రాసే చిట్టా, పద్దుల వారీగా రాసే ఆవర్జా, జమ, ఖర్చు, నిల్వ అన్నవి నా నోట రోజంతా ఆడే మాటలు. అయినా మా అమ్మాయికి పదకొండేళ్లు వచ్చేదాకా నేను ఇంటి లెక్క ఒక్కటి కూడా చూపించలేదు. పిల్లల ముందు డబ్బు మాటలు వద్దనే ఇంట్లో నేనూ పెరిగాను. పైగా ఇప్పుడు ఇంట్లో పిల్లల కంటికి డబ్బు కనబడడమే తగ్గిపోయింది. అంగడికి పోతే నేను ఫోను చూపిస్తాను, అక్కడున్న డబ్బా ‘నూట ఎనభై రూపాయలు వచ్చాయి’ అంటుంది, మేము సంచి తీసుకుని వచ్చేస్తాము. పర్సులో నోట్లు తరిగిపోవడం, నెలాఖరుకు చిల్లర ఏరుకోవడం మా తరం కళ్లారా చూసింది. ఈ పిల్లలకు ఆ దృశ్యం లేదు కనుక దాన్ని మనం పనిగట్టుకుని కల్పించాలి.

2022 నవంబరు 10న అడిలైడ్‌లో జరిగిన టీ20 ప్రపంచ కప్ సెమీఫైనల్‌లో ఇంగ్లండు చేతిలో మనవాళ్లు 10 వికెట్ల తేడాతో ఓడిపోయారు. మా అమ్మాయి ఆ రాత్రి అన్నం ముట్టలేదు. ఓదార్పుగా మా ఆయన, వచ్చే ఏడాది వన్డే ప్రపంచ కప్ మన దేశంలోనే జరుగుతుంది, చెన్నైలో మ్యాచ్ పడితే పోదామని అన్నాడు. ఆమె వెంటనే లేచి కూర్చుని, ‘ఎంతవుతుందిమా?’ అని నన్ను అడిగింది. అంత సూటిగా ఆ పిల్ల అంతకు ముందెప్పుడూ డబ్బు గురించి అడగలేదు. ‘అది మేము చూసుకుంటాములే’ అనడం చాలా తేలిక. నా నోటి చివరిదాకా వచ్చిన మాట కూడా అదే. దానికి బదులు ఒక పాత నోటుపుస్తకం తీసి ఆమె ముందు పెట్టాను.

టికెట్టు ధర ఎంతో అప్పటికి ఎవరికీ తెలియదు కనుక 3,000 అని ఊహించి రాసుకుంది. రానూపోనూ 1,000, తిండికి 1,000 అని వేసింది. దాని కింద ‘అనుకోని ఖర్చు’ అని మరో 1,000 నేను పట్టుబట్టి వేయించాను. అనుకోనిదాన్ని ముందే ఎలా రాస్తారని ఆమె వాదించింది, కానీ రాసింది. మొత్తం 6,000. పదకొండు నెలలతో భాగిస్తే నెలకు 545 రూపాయల చిల్లర. మేము వారానికి ఇచ్చేది 50 రూపాయలు. ఆ రెండు అంకెలనూ ఒకదాని కింద ఒకటి రాసి ఆమె చాలాసేపు చూస్తూ ఉండిపోయింది. ఒప్పందం ఏమిటంటే, మా ఖర్చు మాది, ఆమె ఖర్చు ఆమెది. తక్కువ పడితే మేము కలపము. ఇంటి పని చేసినందుకు డబ్బు ఇవ్వము. ఈ చివరి షరతు మీద నాకు ఎవరు ఎంత చెప్పినా అభిప్రాయం మారదు. అన్నం తిన్న కంచం కడగడానికి కూలి ఇస్తే, రేపు అవ్వకు మంచినీళ్లు ఇవ్వడానికి కూడా పిల్ల వెల కడుతుంది. సంపాదన కావాలంటే పాత పేపర్లు, సీసాలు అమ్ముకోవచ్చు, నిరుటి పాఠ్యపుస్తకాలు అమ్ముకోవచ్చు, పండుగలకు పెద్దలు ఇచ్చేది దాచుకోవచ్చు.

సంక్రాంతికి వచ్చిన డబ్బుతో కలిపి చేతిలో 1,500 ఉంటే, జనవరి 18న పోస్టాఫీసుకు పోయి ఆమె పేరిటే పొదుపు ఖాతా తెరిచాము. పదేళ్లు నిండిన పిల్లలు అక్కడ తమ ఖాతాను తామే నడుపుకోవచ్చునని చాలామందికి తెలియదు. కనీసం 500 రూపాయలు ఉండాలి, ఏడాదికి 4 శాతం వడ్డీ ఇస్తారు. ముందు రోజు రాత్రి ఆమె నోటుపుస్తకం వెనక అట్ట మీద తెలుగులో తన సంతకాన్ని ఇరవై సార్లు సాధన చేసింది. ఒక్కోసారి ఒక్కోలా వస్తుంటే, సంతకం మారితే డబ్బు ఇవ్వరేమోనని భయపడింది. కౌంటరులో మాత్రం నాలుక కొరుక్కుంటూ, ఒక్కో అక్షరాన్నీ దిద్దినట్టు నెమ్మదిగా రాసింది.

మార్చి ఆఖరున పాసుపుస్తకంలో 10 రూపాయల వడ్డీ పడింది. జనవరి, ఫిబ్రవరి, మార్చి మూడు నెలలకు 15 రావాలి కదా అని ఆమె లెక్క చూపించింది. పోస్టాఫీసు వాళ్లు ప్రతి నెలా 10వ తారీఖు నుంచి నెలాఖరు వరకు ఖాతాలో ఉన్న అతి తక్కువ నిల్వ మీదే వడ్డీ కడతారు. మేము డబ్బు వేసినది 18న కనుక జనవరి లెక్కలోకి రాలేదు. ఈ సంగతి చెప్పినప్పుడు ఆమె ముఖంలో కలిగిన మార్పు నేను మరచిపోలేను. అయిదు రూపాయలే కావచ్చు, కానీ నియమం తెలియకపోవడం వల్ల పోయిన అయిదు రూపాయలు. అప్పటి నుంచి నెల మొదలైతే చాలు, 10వ తారీఖు లోపల పోవాలని నా వెంట పడేది. మన ఊళ్లో వడ్డీ గురించి చెప్పడానికి వేరే కథ వెతుక్కోనవసరం లేదు. పెళ్లి కోసం కుబేరుడి దగ్గర అప్పు చేసి నేటికీ వడ్డీ కడుతున్న వడ్డికాసులవాడి కథను ప్రతి పిల్లా వినే పెరుగుతుంది. ‘కుబేరుడు ఎంత శాతం అడిగాడు?’ అని మా అమ్మాయి మా అమ్మను నిలదీస్తే, అరవై ఏళ్లుగా ఆ కథ చెబుతున్నా తనను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదని ఆమె అన్నది.

మధ్యలో ఫిబ్రవరి నెల ఉంది. ఆ నెల జరిగినది చెప్పడం నాకు కొంచెం కష్టం. బడి నుంచి వస్తూ, రోడ్డు పక్కన వేలాడదీసిన నీలిరంగు క్రికెట్ చొక్కా చూసి, హుండీలో మిగిలిన డబ్బు తీసుకుపోయి 450 రూపాయలకు కొనుక్కున్నది. నన్ను అడగలేదు, అడగనవసరమూ లేదు, డబ్బు ఆమెదే. మొదటి ఉతుకుకే రంగు దిగి బకెట్టులో నీళ్లన్నీ నీలంగా మారాయి, ఛాతీ మీది అక్షరాలు పొరలు పొరలుగా ఊడిపోయాయి. ఆమె ఆ తడి చొక్కాను రెండు చేతులతో పట్టుకుని పెరట్లో నిలబడి ఉంటే, ఆ 450 నేను ఇచ్చేస్తానని అనడానికి నా ప్రాణం కొట్టుకున్నది. ఆ డబ్బు లేక మా ఇల్లు గడవని పరిస్థితి ఏమీ లేదు. మా అమ్మ అయితే, పసిదాన్ని ఏడిపిస్తావా అని నన్ను కోప్పడింది కూడా. నేను ఇవ్వలేదు. పక్కన కూర్చుని, ఆ మొత్తాన్ని నోటుపుస్తకంలో ఖర్చు వైపు రాయమన్నాను. ‘చొక్కా’ అని రాసి, దాని పక్కన కుండలీకరణాల్లో ‘రంగు పోయింది’ అని తనే చేర్చింది.

తల్లిదండ్రులతో నేను ముఖ్యంగా వాదించదలచినది ఈ చోటే. మన పిల్లలు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు డబ్బు పోగొట్టుకుంటారు, అది తప్పదు. ఆ పోగొట్టుకోవడం పదకొండేళ్లకు 450 రూపాయలతో జరగాలా, ఇరవై అయిదేళ్లకు అప్పు తెచ్చిన లక్షలతో జరగాలా అన్నదొక్కటే మన చేతిలో ఉంటుంది. చిన్న నష్టాన్ని మనం పూడ్చిన ప్రతిసారీ, అసలు నష్టమన్నదే ఉండదన్న భ్రమను వాళ్లలో పెంచుతాము. ఆమెను ఒంటరిగా వదిలివేయడం వేరు, ఆమె పక్కన కూర్చుని నష్టాన్ని నష్టంగా ఉండనివ్వడం వేరు. ఆ రోజు నేను రెండోది చేశాననే అనుకుంటున్నాను.

మే నెలలో గంగజాతరకు వచ్చిన మా అన్న, మేనకోడలి చేతిలో ఒక 2,000 రూపాయల నోటు పెట్టాడు. అంత పెద్ద నోటు తనదంటూ ఆమె చేతికి రావడం అదే మొదలు. ఆ నెల 19న రిజర్వు బ్యాంకు ఆ నోట్లను చలామణీ నుంచి ఉపసంహరిస్తున్నట్టు ప్రకటించింది. 2016 నవంబరు నాటి క్యూలు గుర్తున్న మా అమ్మ, నోటు పోయినట్టేనని గుండెలు బాదుకున్నది. నోటు చెల్లుబాటులోనే ఉందనీ, 23వ తారీఖు నుంచి బ్యాంకులో మార్చుకోవచ్చుననీ పేపరు చదివి అవ్వకు ధైర్యం చెప్పినది మా అమ్మాయే. బ్యాంకులో మార్చి తెచ్చిన నాలుగు 500 నోట్లను మంచం మీద పరచి, అదే డబ్బు కదా, కాగితం మాత్రమే మారింది కదా అని రెండు మూడు సార్లు అడిగింది.

జులైలో టమోటా ధర మంట పెట్టింది. మదనపల్లె మార్కెట్‌లోనే కిలో 150 దాటిపోయిన రోజులవి. ఇంటి చిట్టాలో కూరగాయల పద్దు ఎలా ఉబ్బిందో అప్పటికి ఆమెకు చూపించడం అలవాటైంది. అది చూసి ఆమె భయపడలేదు. చింతపండు చారు రెండు రోజులు ఎక్కువ పెడితే ఎంత మిగులుతుందని అడిగింది. డబ్బు మాటలు వింటే పిల్లల మనసు పాడవుతుందని, బెంగపెట్టుకుంటారని అనేవారికి నేను చెప్పగలిగేది ఇదే. చాటుగా వినే గుసగుసలకు పిల్లలు బెంగపెట్టుకుంటారు, ఎదుట పరచిన లెక్కకు కాదు.

జూన్ 27న మ్యాచ్‌ల పట్టిక వచ్చింది. అక్టోబరు 8న చెన్నైలోని చేపాక్ మైదానంలో ఇండియా, ఆస్ట్రేలియాల మ్యాచ్. ఆ రోజు ఇల్లంతా పండుగే. ఆగస్టు 31 నాటికి ఆమె దగ్గర 5,640 రూపాయలు చేరాయి. 360 తక్కువ. చొక్కా కొనకపోయి ఉంటే 6,090 ఉండేవని ఆమే లెక్క కట్టింది, నేను గుర్తు చేయలేదు. ఆ రాత్రి 8 గంటలకు చెన్నైలో జరిగే ఇండియా మ్యాచ్ టికెట్లు ఆన్‌లైన్‌లో పెట్టారు. మా ఆయన ఫోను, నా ఫోను, పక్కింటి వాళ్ల కంప్యూటరు ముందు పెట్టుకుని కూర్చున్నాము. తెర మీద వరుసలో మీ ముందు ఇంతమంది ఉన్నారని అంకె కదులుతూ ఉండగానే టికెట్లు అయిపోయాయి.

రెండు రోజుల తరువాత, మా ఆయనకు తెలిసినవారికి తెలిసిన ఒకరు, టికెట్టు ఇప్పిస్తాను, ఒక్కొక్కటి 12,000 అని కబురు పెట్టారు. మా ఆయన ఊగిసలాడాడు. అమ్మాయి నా కొంగు పట్టుకుని, మిగతాది నువ్వు వెయ్యిమా, వచ్చే ఏడాదంతా వారం డబ్బు వద్దు అని ఏడ్చింది. ఆమె చేస్తున్నది అప్పు అడగడమని ఆమెకు తెలుసు, ఎన్ని వారాల్లో తీరుతుందో కూడా లెక్క వేసుకుని వచ్చింది. నేను ఒప్పుకోలేదు. ఆ టికెట్టు నిజమైనదో కాదో తెలియదన్నది ఒక కారణం. అసలు కారణం మాత్రం, ఎంత కోరికైనా దానికి మనం పెట్టగలిగే ధర ఒకటి ఉంటుందని ఆమె ఆ పదకొండు నెలల్లో నేర్చుకున్నదాన్ని నేనే చెరిపివేయడం నాకు ఇష్టం లేకపోయింది. ఆ నిర్ణయం మరీ కఠినమేమోనని నేను అప్పుడూ ఆలోచించాను, ఇప్పుడూ ఆలోచిస్తాను. అయినా మళ్లీ ఆ రోజే వస్తే మళ్లీ అదే చేస్తాను.

వారం గడిచాక ఆమె తనంతట తాను పట్టిక తీసింది. చేపాక్‌లో మరో నాలుగు మ్యాచ్‌లు ఉన్నాయి. అక్టోబరు 23, సోమవారం, పాకిస్తాన్, అఫ్గానిస్తాన్. దసరా సెలవులు. టికెట్టు దొరుకుతోంది, ఆమె ఊహించి రాసుకున్న 3,000 కంటే తక్కువకే. డబ్బు కట్టే ముందు తెర మీద టికెట్టు ధర కింద మరికొన్ని వరుసలు ఉంటే ఒక్కొక్కటీ చదివించింది, పన్ను ఎంత, కొరియర్ ఎంత అని. చూపించిన ధరకూ కట్టే ధరకూ తేడా ఉంటుందని పెద్దవాళ్లమే చాలాసార్లు గమనించము.

అక్టోబరు 8న మనవాళ్లు 2 పరుగులకే 3 వికెట్లు పోగొట్టుకుని, కోహ్లీ 85, రాహుల్ అజేయంగా 97 చేసి గెలిపించిన మ్యాచ్‌ను ఇంట్లో టీవీలోనే చూశాము. ఆ సాయంత్రం ఓవరుకూ ఓవరుకూ మధ్య వచ్చిన ప్రకటనల గురించి ఒక మాట చెప్పాలి. జట్టును ఎంచుకోండి, డబ్బు గెలుచుకోండి అని పేరున్న ఆటగాళ్లే వచ్చి పిలుస్తుంటే, ఏడాదిగా రూపాయి రూపాయి కూడబెట్టిన పిల్ల, ‘వాళ్లు చెప్పేది నిజమైతే నేను ఇంతకాలం ఎందుకు దాచినట్టు?’ అని అడిగింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రంలో 2020లోనే నిషేధించారు. దేశమంతటికీ చట్టం రావడానికి 2025 ఆగస్టు దాకా పట్టింది. ఒకే తెర మీద పిల్లలకు మనం ఆటను చూపిస్తుంటే, పక్కనుంచి మరొకరు జూదాన్ని నేర్పుతున్నారన్నది నాకు ఈనాటికీ కోపం తెప్పించే విషయం. ఆటల పండుగ ద్వారా పొదుపు నేర్పాలనుకునేవారు ఈ సంగతిని కూడా పిల్లలతో విడమరచి మాట్లాడక తప్పదు.

23న పొద్దున్నే రైలెక్కాము. నవరాత్రి బ్రహ్మోత్సవాలు ముగిసే రోజు కావడంతో స్టేషనులో కాలు పెట్టే చోటు లేదు. చెన్నై సెంట్రల్ దగ్గర మెట్రో ఎక్కి, తరువాతి స్టేషనైన గవర్నమెంట్ ఎస్టేట్‌లో దిగి నడిచిపోయాము. లోపల తినుబండారాల ధర చూసి, ఇడ్లీలు బయటే తిని వచ్చినందుకు తనను తాను మెచ్చుకున్నది. పాకిస్తాన్ 282 చేస్తే, అఫ్గానిస్తాన్ రెండే వికెట్లు పోగొట్టుకుని 49 ఓవర్లలో కొట్టేసింది. వన్డేల్లో పాకిస్తాన్ మీద వాళ్లకు అదే మొదటి గెలుపు. మైదానమంతా లేచి నిలబడి వాళ్ల కోసం చప్పట్లు కొడుతుంటే, ఇండియా మ్యాచ్ కాదని నెల రోజులు మూతి ముడుచుకున్న పిల్ల గొంతు బొంగురుపోయేలా అరిచింది.

బయటికి వచ్చాక తెలిసింది, ఆమె పద్దులో ఒక వరుస లేదని. తిరుపతి బస్సులు మాధవరంలో బయలుదేరతాయి. రాత్రి పదిన్నరకు చేపాక్ నుంచి అక్కడికి పోవడం గురించి ఆమే కాదు, నేనూ ఆలోచించలేదు. ఆటో అతను 600 అన్నాడు, ఎంత అడిగినా దిగలేదు. ‘నా వంతు ఎంతమా?’ అంది. ఇద్దరమే వచ్చాము కనుక 300 అన్నాను. ఫోను వెలుతురులో చిన్న సంచి విప్పి మూడు వందలు లెక్కపెట్టి నా చేతిలో పెట్టి, ‘అనుకోని ఖర్చు’ అంది.

ఇలా రాస్తుంటే మా అమ్మాయి తరగతిలోని ఒక పిల్ల గుర్తుకు వస్తోంది. తనూ వస్తానని మొదట్లో సంబరపడింది. వారానికి పది రూపాయలు కూడా చేతికి రాని ఇల్లు వాళ్లది. మార్చి నాటికి ఆ మాట ఎత్తడం మానేసింది. నేను చెబుతున్న పద్ధతి దాచుకోవడానికి ఏదో ఒకటి ఉన్న ఇళ్లకే పనికొస్తుందన్న విమర్శకు నా దగ్గర పూర్తి సమాధానం లేదు. చెన్నై దాకా పోనవసరం లేదనీ, మన ఊరి తారకరామ స్టేడియంలో ఆడే ఆట కోసం అయిదేసి రూపాయలు దాచినా అదే పాఠమనీ అనగలను. కానీ ఆ పిల్ల కోరుకున్నది చేపాక్‌ను. తన డబ్బులోంచి స్నేహితురాలికి ఇవ్వాలా అని మా అమ్మాయి ఒకసారి నన్ను అడిగింది. అది నీ ఇష్టమన్నాను. ఇవ్వలేదు. ఆ ప్రశ్నను నేను ఆమెతో కలిసి ఇంకా లోతుగా మాట్లాడి ఉండవలసిందని ఇప్పుడు అనిపిస్తుంది. దాచడం గురించి, ఖర్చు గురించి అంత శ్రద్ధగా చెప్పిన నేను, పంచుకోవడం గురించి ఒక్క వరుస కూడా ఆ నోటుపుస్తకంలో రాయించలేదు.

అన్నీ పోను ఆమె దగ్గర 2,700 రూపాయలు మిగిలాయి. దీపావళి నవంబరు 12న వచ్చింది. టపాకాయలకని 500 చేతిలో ఉంచుకుని, నవంబరు 9, గురువారం నాడు, బడి నుంచి వచ్చీ రాగానే పాసుపుస్తకం పట్టుకుని, పోస్టాఫీసు మూసేలోగా పోదాం రమ్మని మా నాన్నను తొందరపెట్టి తీసుకుపోయింది.